మా అబ్బాయిని మాకు అప్పగించడానికి తొమ్మిది రోజులు పట్టింది

"మీవాడు ఇంటికొచ్చాడా సార్?" అని అడిగాడు హాస్టల్ వార్డెన్.

2024 జులై 23, మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర దాటింది. నేను ఆర్టీసీలో కండక్టర్ని. డిపోలో క్యాష్ కట్టి, టికెట్ మెషిన్ అప్పజెప్పి, బండి స్టార్ట్ చేస్తుండగా ఆ ఫోన్ వచ్చింది. మంగళవారం పూట ఇంటికెందుకొస్తాడు, ఔటింగ్ నెలకోసారే కదా అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, సాయంత్రం స్టడీ అవర్‌లో కనపడలేదు సార్, ఫ్రెండ్స్‌ని అడిగితే తెలీదంటున్నారు, ఒకవేళ మీ దగ్గరికి వచ్చాడేమోనని... అంటూ నసిగాడు. ఐదింటికి కనపడకుండా పోయిన పిల్లాడి సంగతి నాకు తొమ్మిదిన్నరకి చెబుతున్నారు.

మావాడి పేరు రాయను, మా ఊరి పేరూ రాయను. పల్నాడు జిల్లాలో ఒక టౌన్ అనుకోండి. కాలేజీ గుంటూరు వైపు. బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ముందుకు వెళ్ళిన పిల్లల వివరాలు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్‌లో ఉంది, అదొక కారణం. రెండోది, ఇది రాస్తానని వాణ్ణి అడిగితే "నా పేరు లేకుండా అయితే రాసుకో నాన్నా" అన్నాడు.

ముందు జరిగింది కొంచెం చెప్పాలి. ఆ ఏడాది ఏప్రిల్ 22న టెన్త్ ఫలితాలొచ్చాయి, వాడికి 600కి 531. ఆ సాయంత్రమే, నేను అన్నం తింటుండగా, సీఈసీ తీసుకుంటాను, తర్వాత లాసెట్ రాసి ఐదేళ్ళ లా చదువుతాను అన్నాడు. నేను తలెత్తకుండానే కుదరదన్నాను. ఇంత మార్కులొచ్చినవాడు సీఈసీ ఏంటి, ఎంపీసీయే అన్నాను. వాడు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి ఒప్పుకున్నాడనే అనుకున్నాను. మే నెలలో అప్పు చేసి తొంభై వేలు కట్టి రెసిడెన్షియల్‌లో చేర్చాను. ఆ డబ్బు కట్టేటప్పుడు వాడు నా పక్కనే ఉన్నాడు, వాణ్ణి ఒక్క ముక్క అడగలేదు నేను.

ఆ రాత్రి నేనూ మా బావమరిదీ బండి మీద గుంటూరు వెళ్ళి, కాలేజీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చేసరికి పన్నెండయింది. హెడ్ కానిస్టేబుల్ అలవాటు కొద్దీ 363 అని రాసి, కొట్టేసి, పక్కనున్న కొత్త పుస్తకం తిరగేసి 137(2) అని రాశాడు. పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత జులై 1నే అమల్లోకి వచ్చింది, ఇంకా ఎవరి చేతికీ అలవాటు కాలేదు. అది కిడ్నాప్ సెక్షన్ అని తెలిసి నాకు కాళ్ళు వణికాయి. ఎవరైనా ఎత్తుకెళ్ళారా సార్ అన్నాను. అది కాదు, మైనర్ తప్పిపోతే ముందు ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి, కిడ్నాప్ అయి ఉండొచ్చనే లెక్కలో వెతకాలి, 2013లో సుప్రీంకోర్టు చెప్పింది అని వివరంగా చెప్పాడు. తెల్లారేదాకా స్టేషన్ బయట బల్ల మీద కూర్చున్నాం. ఏ బావి దగ్గర, ఏ పట్టాల దగ్గర అని ఎన్ని ఆలోచనలొచ్చాయో ఇక్కడ రాయలేను.

బుధవారం పొద్దున పదకొండింటికి ఫోన్ వచ్చింది. నాకు కాదు, మా ఆవిడకి. విజయవాడ రైల్వే స్టేషన్‌లో పిల్లల హెల్ప్ డెస్క్ నుంచి. రాత్రంతా ప్లాట్‌ఫామ్ మీదే ఉన్నాడు, విశాఖ వైపు వెళ్ళే రైళ్ళు రెండు మూడు వచ్చి వెళ్ళినా ఎక్కలేదు, తెల్లవారుజామున ఆర్పీఎఫ్ లేడీ కానిస్టేబుల్ చూసి డెస్క్ వాళ్ళకి అప్పగించింది. ఇంటి నంబరు అడిగితే వాళ్ళమ్మదే ఇచ్చాడు. రెండు నంబర్లూ వాడికి నోటికొచ్చు.

క్షేమంగా ఉన్నాడు అన్న మాట తర్వాత వాళ్ళు చెప్పింది మా ఆవిడ సరిగ్గా వినలేదు. నేను ఫోన్ తీసుకుని, గంటన్నరలో వచ్చి తీసుకెళ్తాం అన్నాను. "రండి సార్, కానీ ఇక్కడినుంచి నేరుగా మీతో పంపడం కుదరదండి. ఇరవై నాలుగు గంటల్లోపు సీడబ్ల్యూసీ ముందు హాజరుపరచాలి, వాళ్ళు ఆర్డర్ ఇస్తేనే" అన్నాడు ఆ అబ్బాయి. మీ ఇద్దరి ఆధార్, బాబు టెన్త్ మెమో, రేషన్ కార్డు, ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చుకోండి అన్నాడు.

నిజం చెప్తున్నా, ఆ క్షణంలో నాకు వాడు దొరికాడన్న సంతోషం కన్నా కోపం ఎక్కువొచ్చింది. నా కొడుకుని నాకివ్వడానికి మధ్యలో ఈ కమిటీ ఎవరు? కన్నది మేం, పెంచింది మేం, అప్పు చేసి ఫీజు కట్టింది నేను. దారిలోనే మా ఊరి లాయర్ ఒకాయనకి ఫోన్ చేశాను, మా రూట్ బస్సులో రోజూ కోర్టుకి వెళ్తుంటాడు, ఆ పరిచయం. తండ్రిని కదా, సంతకం పెట్టి తెచ్చుకోవచ్చుగా అంటే ఆయన నెమ్మదిగా చెప్పాడు. "1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో సహజ సంరక్షకుడివి నువ్వే, కాదనను. అదే చట్టం పదమూడో సెక్షన్ చూడు, మైనర్ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యం అని ఉంది. పారిపోయిన పిల్లాడు దొరికితే వాడు జువెనైల్ జస్టిస్ చట్టం కిందికి వస్తాడు. నువ్వక్కడ గొడవ పెట్టుకోకు, చెప్పింది విను."

కమిటీ అంటే కోర్టులా ఉంటుందనుకున్నాను. బోను లేదు, ఎత్తు కుర్చీలు లేవు. మామూలు గది, పొడవాటి టేబుల్, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి పిల్లల హెల్ప్‌లైన్ 1098 పోస్టర్. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండాలట, వాళ్ళలో ఒక్కరైనా మహిళ ఉండి తీరాలి. ఆ రోజు ముగ్గురున్నారు. చూడ్డానికి టీచర్లలా ఉన్నారు, కానీ ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటుకి ఉండే అధికారాలు ఆ బెంచికి ఉంటాయి. నేను లోపలికి వెళ్ళబోతే ఆపారు. ముందు బాబుతో ఒక్కడితో మాట్లాడతాం, మీరు బయట కూర్చోండి అన్నారు.

నలభై నిమిషాలు. తలుపు మూసే ఉంది. లోపల మావాడు ఏం చెబుతున్నాడో తెలీదు. నేనేం తప్పు చేశానో వెతుక్కుంటున్నా. కొట్టానా? ఏడో తరగతి తర్వాత చెయ్యెత్తలేదు. తిండికి లోటు చేశానా? లేదు. మందు, పేకాట నాకు లేవు. ఏం చెబుతాడు మరి?

తర్వాత మమ్మల్ని పిలిచారు. వాణ్ణి అప్పటికే వేరే గదిలోకి పంపేశారు. పెద్దావిడ, సభ్యురాలు, మంచినీళ్ళు తాగండి అని గ్లాసు జరిపి అడిగింది. "జూన్ నెలాఖరులో వార్డెన్‌కి ఫోన్ చేసి, బాబుకి ఫోన్ ఇవ్వొద్దని చెప్పారా మీరు?"

చెప్పాను. జూన్‌లో మూడుసార్లు ఫోన్ చేశాడు వాడు. మొదటిసారి "నాన్నా, ఇక్కడ నావల్ల కావట్లేదు" అన్నాడు. కొత్త కదా, అలవాటవుతుంది అన్నాను. రెండోసారి ఏడ్చాడు. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే జీవితం సెట్ అయిపోతుంది, నేను నీ వయసులో ఇంతకన్నా కష్టపడ్డాను అన్నాను. మూడోసారి నేను బస్సులో ఉన్నాను, టికెట్లు కొడుతూ ఆ రద్దీలో చిరాకుపడి పెట్టేశాను. ఆ రాత్రి వార్డెన్‌కి ఫోన్ చేసి, మావాడు ఊరికే బెంగ పెట్టుకుంటున్నాడు, ఫోన్లో మాట్లాడేకొద్దీ ఎక్కువవుతుంది, ఔటింగ్ దాకా ఫోన్ ఇవ్వకండి అన్నాను. వాడి మంచికే అనుకున్నాను. ఆయన సరే అన్నాడు, చాలామంది పేరెంట్స్ అదే చెబుతారు సార్ అన్నాడు కూడా.

మా ఆవిడ నా మొహంలోకి చూసింది. తనకి తెలీదు ఆ సంగతి.

"మిమ్మల్ని తప్పుపట్టడానికి అడగట్లేదండి" అంది ఆ మేడమ్. "వాడికి చెప్పుకోడానికి ఉన్న దారి అదొక్కటే. అది మూసుకుపోయాక నడిచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మీతో వస్తావా అని అడిగాం. అమ్మతో వస్తాను, మళ్ళీ హాస్టల్‌కి పంపనని నాన్న చెబితే వస్తాను, కానీ నాన్న చెప్పినా నమ్మలేను అన్నాడు."

నేనక్కడే మాటిచ్చేస్తానన్నాను. వాళ్ళు ఒప్పుకోలేదు. ఇవాళ కంగారులో మీరు ఏదైనా ఒప్పుకుంటారు, ఇంటి పరిస్థితి మీద రిపోర్టు రానివ్వండి అన్నారు. చట్టంలో ఆ సోషల్ ఇన్వెస్టిగేషన్‌కి పదిహేను రోజుల గడువుంది. అప్పటిదాకా చిల్డ్రన్ హోమ్‌లో ఉంచుతూ ఆర్డర్ రాశారు. మా ఆవిడ ఆ కాగితం చూసి కూలబడిపోయింది. ఇంట్లో మంచం ఉండగా నా కొడుకు ఎవరో పిల్లలతో చాప మీద పడుకోవాలా అని ఏడ్చింది. ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. వాడే మరీ రానని మొండికేయలేదు, రెండు మూడు రోజుల్లో ఆ రిపోర్టు తెప్పించి ఉండొచ్చు. పిల్లల్ని సంస్థల్లో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలని అదే చట్టం మూడో సెక్షన్‌లో ఉంది. ఆ పేజీ నేను తర్వాత ఎన్నిసార్లు చదివానో.

వెళ్ళేముందు వాణ్ణి ఐదు నిమిషాలు చూడనిచ్చారు. కళ్ళజోడు ఎడమ పుల్ల విరిగి ఉంది, కట్టుకి వాడే తెల్ల టేపు చుట్టి ఉంది, ఆ టేపు మాసి నల్లబడింది. ఎప్పుడు విరిగిందిరా అన్నాను. జూన్ 28న అన్నాడు. తేదీతో సహా చెప్పాడు. అది చెబుదామనే మళ్ళీ ఫోన్ అడిగితే ఇవ్వలేదట. దాదాపు నాలుగు వారాలు వాడు ఆ టేపుతోనే బోర్డు చూశాడు.

ఇంటికొచ్చాక చుట్టాల గొడవ మొదలైంది. మొక్కై వంగనిది మానై వంగునా, నాలుగు తగిలించి లాక్కురావాల్సింది పోయి కమిటీలూ గిమిటీలూ ఏంటని మా బాబాయి రంకెలేశాడు. మా అమ్మకి ఎనభై దాటాయి, మంచం మీంచే అంది, "పదహారేళ్ళొచ్చిన కొడుకుని స్నేహితుడిలా చూడాలని పెద్దవాళ్ళు అననే అన్నార్రా, నువ్వు వాణ్ణి సరుకులా బండిలో వేసి పంపావు." ఆ మాట మీద నేను మేడ మీదకెళ్ళి చాలాసేపు కూర్చున్నాను.

కొట్టడం గురించి లాయర్‌గారిని అడిగాను, బాబాయి నోరు మూయించడానికే. బళ్ళలో అయితే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నేరుగా నిషేధించింది. ఇంటి విషయంలో అంత సూటిగా లేదట. పన్నెండేళ్ళలోపు పిల్లల మేలు కోరి సంరక్షకులు సదుద్దేశంతో చేసిన పనికి కొత్త సంహిత 27వ సెక్షన్‌లో కొంత రక్షణ ఉంది. మరోవైపు, తన సంరక్షణలో ఉన్న పిల్లల్ని హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా జువెనైల్ జస్టిస్ చట్టం 75 కింద మూడేళ్ళ దాకా జైలు గానీ, లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇదంతా బాబాయికి చెప్పాను. కన్నవాళ్ళ మీద కేసులేంట్రా అని లేచి వెళ్ళిపోయాడు.

శనివారం మా జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఒకమ్మాయి వచ్చింది, పాతికేళ్ళుంటాయి. నేను లెక్కచేయలేదు మొదట. ఆ పిల్ల రెండున్నర గంటలు ఉంది. వాడు ఎక్కడ పడుకుంటాడు, పుస్తకాలెక్కడ, నా డ్యూటీ టైమింగ్స్ ఏంటి, వారంలో వాడితో ఎన్నిసార్లు కూర్చుని తింటాను, అన్నీ అడిగింది. మా అమ్మతో విడిగా, మా ఆవిడతో విడిగా మాట్లాడింది. పక్కింటివాళ్ళనీ, టెన్త్‌లో సోషల్ చెప్పిన మాస్టార్నీ కలిసింది. ఆ మాస్టారు చెప్పాకే నాకు తెలిసింది, తొమ్మిదో తరగతిలో స్కూల్లో మాక్ పార్లమెంట్ పెడితే మావాడు మూడు రోజులు కూర్చుని ప్రసంగం రాసుకున్నాడని, లా పిచ్చి అక్కడే పట్టుకుందని. అప్పటిదాకా నాకు అది నిన్న మొన్న పుట్టిన గాలి కోరిక అనిపించింది.

ఆదివారం హోమ్‌కి వెళ్ళాం. వాడు అమ్మతో మాట్లాడాడు, నాతో ముక్తసరిగా. నేను బయట వేపచెట్టు కింద కూర్చుని ఫోన్లో ఆ చట్టం చదువుకున్నాను. ఆ మూడో సెక్షన్‌లో మొత్తం పదహారు సూత్రాలున్నాయి. తనకి సంబంధించిన ప్రతి నిర్ణయంలో పిల్లల మాట వినాలి, వయసునీ పరిణతినీ బట్టి దానికి విలువివ్వాలి అని ఒకటి. పిల్లల్ని పెంచి పోషించే మొదటి బాధ్యత కన్న కుటుంబానిదే అని ఇంకొకటి. రెండూ ఒకే చోట ఉన్నాయి, నేను అప్పటిదాకా ఒకటుంటే రెండోది ఉండదనుకున్నాను. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో కూడా ఐదో ఆర్టికల్ పిల్లలకి దారి చూపే హక్కు, బాధ్యత తల్లిదండ్రులవే అంటుంది, కాకపోతే పిల్లాడు ఎదిగేకొద్దీ ఆ చూపే తీరు మారాలంటుంది. పన్నెండోది వాళ్ళ మాట వినమంటుంది. మన దేశం దానికి ఒప్పుకుంది 1992 డిసెంబర్‌లో. నేనప్పుడు ఎనిమిదో తరగతి. రెండేళ్ళ తర్వాత మా నాన్న నన్ను ఐటీఐ ఫిట్టర్‌లో పడేశాడు, అడగలేదు. నేను డ్రాయింగ్ బాగా వేసేవాణ్ణి. నాన్న మీద నాకు కోపం లేదు, ఆయనకి అంతకన్నా తెలీదు. కానీ ఆ రోజు చెట్టు కింద కూర్చుని ఆ సంగతి ముప్పై ఏళ్ళ తర్వాత మొదటిసారి మా ఆవిడకి చెప్పాను.

ఆగస్టు 2, శుక్రవారం రెండో సిట్టింగ్. ఈసారి మా ముగ్గుర్నీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. వాడు ఒక కాగితం రాసుకొచ్చాడు. హాస్టల్ వద్దు. సీఈసీ కావాలి, మా ఊరి గవర్నమెంట్ జూనియర్ కాలేజీ అయినా ఫరవాలేదు. నేను ఏదైనా చెప్పేటప్పుడు నాన్న ఫోన్ చూడకూడదు. మూడోది చదువుతున్నప్పుడు గొంతు వణికింది వాడికి. నేను ఆ మూడోదానికే ముందు సరేనన్నాను.

తర్వాత మేడమ్ వాడి వైపు తిరిగి చెప్పింది కూడా రాయాలి, ఎందుకంటే పిల్లలకి హక్కులంటే పెద్దవాళ్ళకి నోరుండదనుకునేవాళ్ళు చాలామంది. "నీ మాట విన్నాం కదా, ఇప్పుడు మీ నాన్నగారి మాట. రాత్రి తొమ్మిది తర్వాత బయటికి వద్దంటే వద్దు. ఫోన్ ఎంతసేపు అనేది ఇంట్లో వాళ్ళు చెప్పేదే. కాలేజీకి డుమ్మా కొడితే అడిగే అధికారం ఆయనకి ఉంది, మేం అడ్డం రాం. చెప్పకుండా ఇల్లు దాటావంటే ఆ రాత్రి వాళ్ళు ఎక్కడ కూర్చున్నారో తెలుసా నీకు?" అని నన్ను చెప్పమంది. పోలీస్ స్టేషన్ బల్ల సంగతి చెప్పాను, పట్టాల సంగతి కూడా చెప్పాను. వాడు తల దించుకుని ఏడ్చాడు. సారీ అనమని ఎవరూ అడగలేదు, వాడూ అనలేదు, నా చొక్కా చేతి అంచు పట్టుకున్నాడు.

హామీ పత్రం మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. బాబుని బాగా చూసుకుంటాం, కమిటీ ఎప్పుడు పిలిచినా తీసుకొస్తాం అని. మాకు అప్పగిస్తూ ఆర్డర్, దాంతోపాటు ఫాలోఅప్. ఆ సాయంత్రమే విజయవాడలో కళ్ళజోడు బాగుచేయించాం, పుల్ల మార్చడానికి నూట యాభై తీసుకున్నాడు.

కాలేజీతో అంత తేలిగ్గా తెగలేదు. టీసీ, మెమో ఒరిజినల్ కోసం మూడుసార్లు తిరిగాను, కమిటీ ఆర్డర్ జిరాక్స్ చూపించాక ఇచ్చారు. ఫీజులో రూపాయి వెనక్కి రాలేదు, ఆ అప్పు ఇంకా కడుతున్నాను. గవర్నమెంట్ కాలేజీలో అడ్మిషన్లు ఇంకా తెరిచే ఉన్నాయి కాబట్టి ఏడాది పోలేదు. పోలీసులు కూడా మళ్ళీ పిలిచి, పిల్లాడు దొరికాడని రాసుకుని కేసు మూసేశారు.

ఇలాంటి పరిస్థితి ఎవరికైనా వస్తే, దేవుడి దయవల్ల రాకూడదు, ముందు 1098కి గానీ 112కి గానీ చేయండి, పరువు పోతుందని తెల్లారేదాకా ఆగకండి. కమిటీ దగ్గర పిల్లాణ్ణి విడిగా అడుగుతామంటే అడ్డుపడకండి. నేను ఆ తలుపు బయట నలభై నిమిషాలు పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను, ఆ నలభై నిమిషాల్లో వాడు చెప్పింది ఇంట్లో నేను మూడు నెలల్లో వినలేదు.

మావాడితో ఇప్పుడు అంతా బాగుందని రాయలేను. ఫోన్ దగ్గర గొడవలవుతాయి. నేను అరుస్తాను, వాడు తలుపేసుకుంటాడు. ఎకనామిక్స్ అర్థం కావట్లేదని పోయిన వారం ట్యూషన్ అడిగాడు, ఏ మాస్టారి దగ్గరో వాడే కనుక్కుని ఫీజెంతో చెప్పాడు, సరేనన్నాను.

నవంబర్‌లో ఆ సోషల్ వర్కర్ పిల్ల ఫాలోఅప్‌కి వచ్చింది. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళబోతున్నాను, యూనిఫామ్ వేసుకుని ఉన్నాను. బాబుతో కాసేపు ఒంటరిగా మాట్లాడాలి అంటే, సరే అని చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. రాత్రి ఇంటికి తిరిగొచ్చేసరికి వాడు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు, నా కంచం కూడా పెట్టి ఉంది. ఆ అమ్మాయితో ఏం చెప్పాడో నేనడగలేదు. ఫోన్ తీసి టీవీ పక్కన పెట్టి కూర్చున్నాను.